నవ్వని ముఖం: జస్పాల్ భట్టీ, దూరదర్శన్ వ్యంగ్యం
బుల్లితెర చరిత్ర – 11వ భాగం

హాస్యరసాన్ని వివరించే సందర్భంలో భరతుడి నాట్యశాస్త్రం దానిని ఆత్మస్థమని, పరస్థమని రెండు తెరగులుగా విభజించింది. తాను నవ్వడం ఆత్మస్థం, ఎదుటివారిని నవ్వించడం పరస్థం. ఆ వెంటనే నవ్వు తీవ్రతను బట్టి స్మితం మొదలుకొని అతిహసితం వరకు ఆరు భేదాలు చెప్పి, పెదవి కదిలీ కదలని స్మితాన్ని ఉత్తమ ప్రకృతులకు, కళ్లనీళ్లు కారేటట్టు పగలబడి నవ్వే అతిహసితాన్ని అధమ ప్రకృతులకు కేటాయించింది. నవ్వించేవాడి ముఖంలో స్మితమైనా పొడచూపకుండా, తాను చెబుతున్నది నవ్వదగిన విషయమన్న ఎరుకే తనకు లేదన్నట్టుగా నటించే పద్ధతి ఈ ఆరింటిలో దేనికిందికీ రాదు; దానిని శుద్ధ పరస్థమనవచ్చునేమో. ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో ఈ పద్ధతికి డెడ్‌పాన్ అనే పేరు స్థిరపడింది. అక్కడి వాడుక భాషలో పాన్ అంటే ముఖం. కనుక డెడ్‌పాన్ అంటే జీవకళ లేని ముఖమని, మన పలుకుబడిలో చెప్పాలంటే రాతిముఖమని అర్థం. మూకీ చిత్రాల కాలంలో బస్టర్ కీటన్ (1895–1966) ఇటువంటి ముఖానికే పేరుపడ్డాడు. అకౌంటెంటు పని వదిలి హాస్యరంగానికి వచ్చిన బాబ్ న్యూహార్ట్ 1960లో వెలువరించిన గ్రామఫోన్ రికార్డుతో, ఆ తరువాత టెలివిజన్ ధారావాహికలతో, అదే నిర్వికారాన్ని అమెరికా ఇళ్లలోకి తీసుకువెళ్లాడు. భారతదేశంలో ఈ పద్ధతిని టెలివిజన్‌కు తెచ్చి, దానిని ప్రభుత్వ కార్యాలయాల మీదికి, అంతకంటె ముఖ్యంగా ఆ కార్యాలయాల చుట్టూ బతికే మధ్యతరగతి మీదికి తిప్పినవారిలో అగ్రగణ్యుడు జస్పాల్ భట్టీ.

భట్టీ 1955 మార్చి 3న అమృత్‌సర్‌లో జన్మించాడు. చదువు చండీగఢ్‌లోని పంజాబ్ ఇంజనీరింగ్ కళాశాలలో, ఎలక్ట్రికల్ శాఖలో సాగింది. 1921లో లాహోర్ దాపున మొఘల్‌పురాలో సాంకేతిక కళాశాలగా ఆరంభమైన ఈ సంస్థ, దేశవిభజనతో ఇల్లు వాకిలి పోగొట్టుకున్న లక్షల కుటుంబాల వలెనే ఇవతలికి తరలివచ్చి, 1953లో కొత్త రాజధానిలో కుదురుకున్నది. ఈ నగర స్వభావాన్ని గుర్తించకుండా భట్టీ హాస్యాన్ని అర్థం చేసుకోవడం కష్టం. లాహోర్‌ను కోల్పోయిన పంజాబ్ కోసం వాస్తుశిల్పి లె కార్బూజియే సారథ్యంలో గీతలు గీసి, అంకెలు వేసి, సెక్టార్లుగా కట్టిన చండీగఢ్‌కు కోట గోడలు లేవు, పాతబస్తీ లేదు; 1966 నుంచి పంజాబ్, హర్యానా రెండింటికీ రాజధానిగా ఉంటూ, తాను మాత్రం కేంద్రపాలిత ప్రాంతంగా మిగలడం వల్ల, ఒకే ఊరిలో మూడు ప్రభుత్వాల ఫైళ్లు తిరుగుతుంటాయి. గుమాస్తాలు, సెక్షన్ అధికారులు, ఇంజనీర్లు, ఆచార్యులు, రిటైరైన అధికారులు ఇరుగుపొరుగులుగా ఉండే ఇటువంటి చోట దొరికే ముడిసరకు వ్యంగ్యకారుడికి మరెక్కడా దొరకదు.

విద్యార్థిగా ఉన్న రోజులలోనే భట్టీ నాన్సెన్స్ క్లబ్ పేరిట మిత్రబృందాన్ని కూర్చి, వీధినాటకాలు ఆడించాడు. వీధినాటకమంటే తెరలు, దీపాలు, రంగస్థలం లేకుండా, జనం తిరిగే చోటనే ఆడి, వారినే ప్రేక్షకులుగా మార్చుకునే ప్రదర్శన; ఆ కాలంలో దేశంలోని వామపక్ష బృందాలు దీనిని ప్రచారసాధనంగా వాడుతుండగా, చండీగఢ్ కుర్రవాళ్లు నినాదాన్ని పక్కనపెట్టి వేళాకోళాన్ని మాత్రం ఉంచుకున్నారు. చదువు ముగిసిన తరువాత, టెలివిజన్‌లోకి రాక పూర్వం, భట్టీ ట్రిబ్యూన్ పత్రికకు వ్యంగ్యచిత్రాలు గీశాడు. 1881లో సర్దార్ దయాళ్ సింగ్ మజీఠియా లాహోర్‌లో స్థాపించిన ఈ పత్రిక కూడా విభజన తరువాత ఊళ్లు మారుతూ చివరికి చండీగఢ్ చేరినదే. కార్టూనిస్టు వృత్తి నేర్పే మొదటి పాఠం పొదుపు: చదరపు గడిలో ఒక సందర్భం, రెండు మూర్తులు, ఒక వాక్యం, అంతే. వ్యాఖ్యానం రాస్తే బొమ్మ చచ్చిపోతుంది. భట్టీ టెలివిజన్ రచనలో కనిపించే క్లుప్తత, సన్నివేశాన్ని వివరించకుండా వదిలివేసే నిగ్రహం, రంగస్థలం నుంచి కంటె ఈ గడిలో నుంచి వచ్చినవని భావించడానికి ఎక్కువ ఆస్కారమున్నది.

1984 జూలైలో హమ్ లోగ్ ధారావాహికతో మొదలైన ప్రాయోజిత కార్యక్రమాల పద్ధతి గురించి వెనుకటి భాగాలలో ప్రస్తావన వచ్చింది. ప్రసార సమయం దూరదర్శన్‌ది, నిర్మాణం బయటివారిది, ఖర్చు ప్రకటనదారులది అన్న ఈ ఏర్పాటులో, ఢిల్లీ మండీ హౌస్‌లోని దూరదర్శన్ కేంద్ర కార్యాలయపు అధికారులు ఆమోదముద్ర వేస్తే తప్ప ఏదీ తెరకెక్కేది కాదు. అయినప్పటికీ ఈ ద్వారం గుండానే అదే 1984లో శరద్ జోషీ రచనతో, కుందన్ షా దర్శకత్వంతో యే జో హై జిందగీ వచ్చింది, 1988లో కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ సృష్టించిన పాత్రలతో వాగ్లే కీ దునియా వచ్చింది. మొదటిది ఇంటి నాలుగు గోడల మధ్య తేలికపాటి నవ్వులను, రెండవది సామాన్యుడి సహనాన్ని చూపాయి. ఆ సామాన్యుడి సహనానికి కారకులెవరో, వారు మామూలుగా ఎలా మాట్లాడతారో, ఇంటికి వెళ్లి భార్యతో ఏమంటారో చూపే పని ఇంకా మిగిలి ఉన్నది.

1987 ఫిబ్రవరిలో దూరదర్శన్ ఉదయపు ప్రసారాలు ప్రారంభించింది. ఆఫీసులకు, బడులకు బయలుదేరే హడావుడిలో జనం ఒక కన్ను వేసి చూసే ఆ వేళలో, వార్తలకు, ఆరోగ్య సలహాలకు నడుమ ఇమిడేటట్టు కొద్ది నిమిషాల నిడివితో భట్టీ ఉల్టా పుల్టా అనే తునక ప్రసారమయ్యేది. ఉల్టా పుల్టా అంటే తలకిందులు. హైదరాబాదు చుట్టుపక్కల తెలుగువారికి ఈ మాటను అనువదించి చెప్పనక్కరలేదు. తలపాగా, గడ్డం, తొందర ఎరుగని గొంతు, పంజాబీ యాస వదలని హిందీ, ఎప్పుడూ ఒకే మట్టంలో ఉండే ముఖం: దేశం జస్పాల్ భట్టీని మొదట గుర్తించినది ఈ ఆనవాళ్లతోనే. లంచం ఇవ్వడానికి వచ్చినవాడు సిగ్గుపడడం, పుచ్చుకునేవాడు అతడికి ధైర్యం చెప్పడం వంటి తలకిందుల మర్యాదలు ఆయన హాస్యానికి మూలధాతువు. నిడివి తక్కువ కావడం లోపం కాలేదు, సరికదా, కార్టూను గడికి అలవాటుపడిన చేతికి అది చక్కగా అమిరింది.

ఆ సంవత్సరాలలో పంజాబ్ పేరు మిగిలిన దేశానికి ఏ విధంగా వినబడుతున్నదో కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 1984 జూన్‌లో స్వర్ణదేవాలయంలో సైనిక చర్య, అక్టోబర్ చివర ప్రధాని హత్య, ఆ వెంటనే ఢిల్లీలోనూ ఇతర నగరాలలోనూ సిక్కుల ఊచకోత, 1987 మే నుంచి 1992 ఫిబ్రవరి వరకు పంజాబ్‌లో రాష్ట్రపతి పాలన: ఈ వరుసలో జనం చూసిన పంజాబ్ వార్తలన్నీ రక్తసిక్తమైనవే. మరొకవైపు, సర్దార్జీని మందబుద్ధిగా చిత్రించే మోటు జోకులు ఉత్తర భారతమంతటా చెలామణిలో ఉండేవి. అటు భయానికి, ఇటు అవహేళనకు గురి అవుతున్న తలపాగాను ధరించి, ఆ రెండింటిలో దేనికీ జవాబు చెప్పే ప్రయత్నమే చేయకుండా, దేశమంతటిలోకీ తెలివైన పరిహాసకుడిగా ప్రతి ఇంటి టీవీలో నిలబడడం చిన్న విషయం కాదు. దీనిని రాజకీయ ప్రకటనగా భట్టీ భావించాడో లేదో గాని, ఆనాటి ప్రేక్షకుల మనసులో అది చేసిన పని రాజకీయమైనదే.

1989లో వచ్చిన ఫ్లాప్ షో ఆయన జీవితకృషిలో శిఖరం. మొత్తం ఎపిసోడ్లు పది మాత్రమే. ఇప్పుడు వందల భాగాలకు సాగే ధారావాహికలకు అలవాటుపడినవారికి ఈ సంఖ్య నమ్మశక్యంగా ఉండకపోవచ్చు గాని, మూడు దశాబ్దాలు దాటినా ఈ పదింటి పేరు చెప్పుకుంటూనే ఉన్నారు. రచన, దర్శకత్వం, ప్రధాన పాత్ర భట్టీవి; నిర్మాణ బాధ్యత ఆయన భార్య సవితా భట్టీది, తెరమీద భార్య పాత్ర కూడా ఆమెదే. వివేక్ షౌక్, బి.ఎన్. శర్మ వంటి చండీగఢ్ ప్రాంతపు నటులు ఎపిసోడుకొక వేషం వేసేవారు. బొంబాయి తారలు లేరు, ఆడంబరమైన సెట్లు లేవు. మామూలు ఇళ్లు, మామూలు ఆఫీసు గదులు, బల్లమీద ఫైళ్లు. ఈ బీదతనం హాస్యానికి తోడ్పడిందే గాని అడ్డుపడలేదు, ఎందుకంటే ప్రేక్షకుడు ఆనాడు ఉదయం తిరిగివచ్చిన ఆఫీసు సరిగ్గా అలాగే ఉండేది. తన కార్యక్రమానికి తానే ఫ్లాప్ అని పేరు పెట్టుకోవడం, నవ్వించబోతున్నానన్న బెదిరింపు లేకుండా రంగప్రవేశం చేసే డెడ్‌పాన్ పద్ధతికి తగిన నాంది.

ప్రతి ఎపిసోడ్ ఒక అంకితంతో మొదలయ్యేది. తెలుగు కావ్యసంప్రదాయంలో కృతిభర్తను షష్ఠ్యంతాలతో పొగిడినట్టే, ఇక్కడ ఆ రోజు ఉతికి ఆరేయబోయే వర్గానికే గౌరవపూర్వకంగా కృతిని అంకితమిచ్చేవారు. చివర ఒక ప్రసిద్ధ హిందీ సినిమా పాట బాణీకి అనుకరణ గీతం ఉండేది. జరుక్ శాస్త్రి పుణ్యమా అని తెలుగువారికి పేరడీ రుచి ముందునుంచీ తెలుసును. గంభీరమైన ఛందస్సులో అల్పవిషయాన్ని కూర్చడం అక్కడి కిటుకైతే, విరహగీతపు బాణీలో మెడికల్ బిల్లును, టెలిఫోన్‌ను కూర్చడం ఇక్కడి కిటుకు.

ఎన్నుకున్న విషయాలను గమనిస్తే ఆ దశాబ్దపు భారతీయ మధ్యతరగతి చరిత్రకు అవి పట్టికలా కనిపిస్తాయి. మెడికల్ రీయింబర్స్‌మెంట్, అంటే ప్రభుత్వోద్యోగి తన కుటుంబానికైన వైద్యఖర్చులను బిల్లులు చూపి తిరిగి రాబట్టుకునే సౌకర్యం, దొంగబిల్లుల ద్వారా ఎలా ఇంటి ఆదాయమార్గంగా మారిందో ఒక ఎపిసోడ్ చూపింది. మరొకటి టెలిఫోన్ కోసం పడే పాట్ల గురించినది; 1991 నాటికి 84 కోట్ల జనాభాకు దేశంలో ఉన్న టెలిఫోన్ కనెక్షన్లు సుమారు 50 లక్షలేనని తెలిస్తే, లైన్‌మన్ అనే మనిషికి ఆనాడు దక్కిన అల్లుడి మర్యాదలు అతిశయోక్తిగా తోచవు. కాంట్రాక్టర్లు, ఇళ్ల స్థలాల బేరాలు, వదలని చుట్టాలు, ముఖ్య అతిథిగా పిలిపించుకోవాలనే ఆరాటం, ఆఫీసు మీటింగులు: ఇలా సాగుతుంది ఆ జాబితా. ఇందులో మంత్రులకంటె మామూలు మనుషులే ఎక్కువ.

వీటిలో పి.హెచ్‌డి. గురించిన ఎపిసోడ్‌ను కాస్త దగ్గరగా చూడవచ్చు. పరిశోధక విద్యార్థి సిద్ధాంతవ్యాసం పూర్తికావాలంటే పర్యవేక్షకుడు, వాడుకలో గైడు, సంతకం చేయాలి. ఆ సంతకం ఎన్నేళ్లకు పడుతుందన్నది ఆయన దయ. గైడు పాత్ర వేసినది భట్టీయే. ఇక్కడ పరిశోధన జరగవలసినచోట ఇంటి చాకిరీ జరుగుతుంది, చివరికి వ్యవహారం గైడుగారి మరదలి పెళ్లి దాకా వెళుతుంది. ఈ కథను మరొకరు తీసి ఉంటే గైడును మీసం దువ్వే దుర్మార్గుడిగానో, గావుకేకలు పెట్టే విదూషకుడిగానో చూపి ఉండేవారు. భట్టీ గైడు మాత్రం కోప్పడడు, దబాయించడు, కన్నుగీటడు. అడగరానిది అడుగుతున్నప్పుడు ఆయన ముఖంలో ఉండేది విద్యార్థి భవిష్యత్తు పట్ల వాత్సల్యం. తన కోరికలు విద్యావ్యవస్థలో సహజమైన అంగాలని ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతున్నట్టు ఉంటుంది. నవ్వు పుట్టేది ఆ నమ్మకంలోనుంచే. విశ్వవిద్యాలయం గడపతొక్కిన ప్రతి ప్రేక్షకుడికీ ఈ ముఖం ఎక్కడో చూసినట్టే ఉంటుంది.

భట్టీ నిర్వికారానికి, కీటన్ నిర్వికారానికి ఉన్న తేడా ఇక్కడే బయటపడుతుంది. కీటన్ ముఖం విధి దెబ్బలు తినే ఒంటరివాడిది. ఇల్లు కూలినా, రైలు మీదికి వచ్చినా చలించని ఓర్పు దానిది. భట్టీ ముఖం తరచుగా దెబ్బకొట్టేవాడిది, కనీసం దెబ్బలో వాటా ఉన్నవాడిది. బాధితుడి పాత్ర వేసినప్పుడు సైతం, అవకాశం దొరికితే ఆ కుర్చీలో తానూ ఇదే చేస్తాడన్న అనుమానం ప్రేక్షకుడికి మిగులుతుంది. మన దేశపు అవినీతికి అసలు రూపం ముసిముసి నవ్వుల కుట్ర కాదని, అది నిశ్చింతగా, మర్యాదగా, టీ కప్పు చేతికి అందిస్తూ సాగే నిత్యకృత్యమని చెప్పడానికి నవ్వని ముఖం కంటె సరిపడే పనిముట్టు లేదు. పాత్ర నవ్వితే అది తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. ఆ పాత్రలకు తప్పు చేస్తున్నామన్న స్పృహే లేదు గనుక వాటికి నవ్వవలసిన అవసరమూ లేదు.

ప్రభుత్వ ప్రసారసంస్థ దీనిని ఎలా అనుమతించిందన్న ప్రశ్న సహజంగా వస్తుంది. దూరదర్శన్‌కు స్వయంప్రతిపత్తి కల్పించే ప్రసారభారతి చట్టం 1990లో ఆమోదం పొందినా, అమలుకు వచ్చినది 1997లో. ఫ్లాప్ షో నాటికి దూరదర్శన్ సమాచార, ప్రసార మంత్రిత్వశాఖ కిందనే ఉన్నది. ఉదారత అన్న మాట ఇక్కడ అతకదు. స్క్రిప్టు చదివే అధికారికి కొట్టివేయడానికి ఘాటైన వాక్యమేదీ దొరకదు, ఆవేశపూరితమైన ఉపన్యాసం ఉండదు, ఏ పార్టీ పేరూ ఉండదు. కాగితం మీద అది ఇద్దరు పెద్దమనుషుల మర్యాదపూర్వక సంభాషణ. విషమంతా ఆ సంభాషణను పలికే తీరులో ఉన్నది, తీరును కత్తిరించే కత్తెర ఏ మండీ హౌస్‌లోనూ లేదు. అయితే నాణేనికి రెండవ వైపు కూడా చెప్పుకోవాలి: ఈ హాస్యం మెట్లు ఎక్కి పైదాకా వెళ్లలేదు. లైన్‌మన్, కాంట్రాక్టరు, గైడు దగ్గర ఆగింది. 1989 ఎన్నికలను కుదిపేసిన బోఫోర్స్ ముడుపుల వంటి వ్యవహారాలు దాని పరిధికి బయటివి. దీనిని పిరికితనమనే విమర్శకులు ఉండవచ్చు. కాని పైవాడిని తిట్టి చప్పట్లు కొట్టించుకోవడం సులువు, చప్పట్లు కొట్టేవాడి జేబులోని దొంగబిల్లును చూపించడం కష్టమన్న సంగతీ వారు లెక్కలోకి తీసుకోవాలి.

1992 అక్టోబర్‌లో జీ టీవీ రాకతో టెలివిజన్ రూపురేఖలు మారిపోయాయి. భట్టీ ఖాళీగా కూర్చోలేదు. దూరదర్శన్‌కే ఫుల్ టెన్షన్ చేశాడు, సబ్ టీవీకి థాంక్యూ జీజాజీ చేశాడు, 1999లో పంజాబ్ పోలీసుల మీద మాహౌల్ ఠీక్ హై అనే పంజాబీ చిత్రానికి దర్శకత్వం వహించాడు. పరిస్థితి బాగానే ఉన్నదని అర్థమిచ్చే ఆ పేరు, ఉగ్రవాదపు దశాబ్దం దాటివచ్చిన రాష్ట్రంలో ఎంత చేదుగా ధ్వనించి ఉంటుందో ఊహించుకోవచ్చు. హిందీ సినిమాలలో చిన్న పాత్రలు ఎన్నో వేశాడు. 2006 నాటి ఫనాలో జాలీ గుడ్ సింగ్ వాటిలో ఒకటి. ఆ పాత్రలలో చాలావరకు ఆయన ముఖాన్ని వాడుకున్నాయే గాని కలాన్ని వాడుకోలేదు. ఫ్లాప్ షోలో తోడున్న వివేక్ షౌక్ 2001లో గదర్ చిత్రంతో దేశవ్యాప్తంగా గుర్తింపు పొంది, 2011 జనవరిలో మరణించాడు. రెండువేల అయిదు తరువాత హిందీ చానళ్లలో హాస్యపోటీలు వెల్లువెత్తి, న్యాయనిర్ణేతలు కుర్చీలలో విరగబడి నవ్వడమే కార్యక్రమానికి ప్రాణంగా మారిన రోజులలో, కామెడీ కా కింగ్ కౌన్ అనే పోటీకి భట్టీ కూడా న్యాయనిర్ణేతగా కూర్చున్నాడు. భరతుడి పరిభాషలో చెప్పాలంటే అతిహసితపు సభలో శుద్ధ పరస్థానికి ఆసనం వేశారు.

టెలివిజన్‌లో చోటు తగ్గినకొద్దీ ఆయన మళ్లీ చండీగఢ్ వీధికే వచ్చాడు. నాన్సెన్స్ క్లబ్ పేరుతోనే నిరసనలు నడిపాడు. ఎన్నికల కాలంలో హవాలా పార్టీ, సూట్‌కేస్ పార్టీ, 2009లో రిసెషన్ పార్టీ అంటూ ఉత్తుత్తి పార్టీలు స్థాపించాడు. అదే 2009లో, నిత్యావసరాల ధరలు మండిపోతున్నప్పుడు, చండీగఢ్ కార్నివాల్‌లో ఒక దుకాణం తెరిచాడు. తిరునాళ్లలో బొమ్మలు, సబ్బుబిళ్లలు పేర్చి రింగు విసరమనే ఆట అందరికీ తెలిసినదే. భట్టీ దుకాణంలో పేర్చినవి కూరగాయలు, పప్పులు, నూనె. రింగు ఎవరి గురికి దేని చుట్టూ పడితే అది వారికి బహుమతి. నినాదం లేదు, ప్లకార్డు లేదు, కందిపప్పు గెలుచుకోవలసిన వస్తువైపోయిందన్న సంగతి మాత్రం రింగు చేతబట్టిన ప్రతివారికీ అర్థమైంది. ఈ ఉత్తుత్తి పార్టీల కథకు విచిత్రమైన కొసరు కూడా ఉన్నది: 2014 లోక్‌సభ ఎన్నికలలో చండీగఢ్ స్థానానికి ఆమ్ ఆద్మీ పార్టీ సవితా భట్టీని అభ్యర్థిగా ప్రకటించగా, ఆమె తప్పుకున్నారు, ఆమె బదులు నటి గుల్ పనాగ్ పోటీచేశారు.

ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్న ఈ హాస్యరచయిత చివరి చిత్రం పేరు పవర్ కట్. పంజాబ్‌లో కరెంటు కోతల మీద తీసిన ఆ చిత్రంలో కథానాయకుడు ఆయన కుమారుడు జస్‌రాజ్. చిత్రప్రచారం కోసం ఊరూరా తిరుగుతున్న క్రమంలో, 2012 అక్టోబర్ 25 తెల్లవారుజామున జలంధర్ జిల్లా షాకోట్ వద్ద జరిగిన కారు ప్రమాదంలో జస్పాల్ భట్టీ మరణించాడు. అప్పటికి ఆయన వయసు 57 ఏళ్లు, చిత్రం విడుదల తేదీ మరునాడు. మూడు నెలల తరువాత, 2013 గణతంత్ర దినోత్సవ సందర్భంగా వెలువడిన పద్మభూషణ్ జాబితాలో మరణానంతర గౌరవంగా ఆయన పేరు చేరింది. సభలు, సత్కారాలు, వేదిక మీది కుర్చీల కోసం పడే తాపత్రయం మీద 1989లో ఒక పూర్తి ఎపిసోడ్ తీసినవాడికి ప్రభుత్వం బిరుదమిచ్చింది. స్వీకరించేటప్పుడు ఆయన ముఖం ఎలా ఉండేదో మాత్రం ఫ్లాప్ షో చూసినవారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

(తరువాయి వచ్చే సంచికలో)